బహుమతి మీద ఎవరి పేరుండాలి?

ఫ్రాన్సులో ఏటా మంచి రికార్డులకి బహుమతులిచ్చే సంస్థ ఒకటుంది. పేరు షార్ల్ క్రో అకాడమీ. 1947లో పెట్టారు, ఆ మరుసటేడు నుంచి బహుమతులివ్వడం మొదలెట్టారు. ఆ బహుమతి పేరు గ్రాండ్ ప్రీ దు డిస్క్. అంటే మరేం లేదు, రికార్డుకిచ్చే పెద్ద బహుమతి అని.

ఇంతకీ ఈ షార్ల్ క్రో ఎవరయ్యా అంటే, గాయకుడూ కాదు, వాద్యకారుడూ కాదు. కవి. పద్యాలు రాసుకుంటూ మధ్యమధ్యలో యంత్రాల గురించి ఆలోచించే రకం. మనిషి గొంతుని ఓ పళ్ళెం మీద గీతలా గీసి, ఆ గీత వెంట సూదిని నడిపిస్తే మళ్ళీ అదే గొంతు వినిపించొచ్చని 1877 ఏప్రిల్‌లో కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో పారిస్‌లోని సైన్స్ అకాడమీకి అప్పజెప్పాడు. యంత్రం చేయించడానికి చేతిలో డబ్బుల్లేవు. అదే ఏడాది చివర్లో అమెరికాలో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ చేసి చూపించేశాడు. క్రో కవరు విప్పి చదివేసరికి డిసెంబరు వచ్చేసింది. పేరూ, పేటెంటూ, డబ్బూ ఎడిసన్‌కి వెళ్ళాయి. క్రో 1888లో, నలభై ఆరేళ్ళు కూడా నిండకుండా పోయాడు.

అదీ సంగతి. పని చేసి పేరు దక్కని మనిషి పేరు మీద పేరు దక్కినవాళ్ళకి బహుమతులిస్తున్నారు. ఇది కావాలని చేశారో యాదృచ్ఛికమో గానీ, నాకు మాత్రం భలే నచ్చింది. ఎందుకంటే 1950లో ఈ బహుమతి తీసుకున్న ఒక రికార్డు వెనక ఇలాంటి క్రోలు ఓ అరడజను మంది ఉన్నారు. ఆ కథ చెప్పాలనే ఇదంతా.

ఆ రికార్డు వివాల్డి "ఫోర్ సీజన్స్". పేరు వినలేదంటారా? సంగీతం వినే ఉంటారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "దయచేసి లైన్లో ఉండండి" అన్నాక మోగేది చాలాసార్లు ఇదే. లిఫ్టుల్లో, టీవీ ప్రకటనల్లో, ఒకప్పుడు సెల్‌ఫోన్ రింగ్‌టోన్లలో కూడా ఇదే. ఇందులోని "వసంతం" మొదటి పది సెకన్లు ప్రపంచంలో అందరికీ తెలుసు, ఎవరిదో మాత్రం తెలియదు. బరోక్ సంగీతం అంటే సుమారుగా 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో నడిచిన బాణీ. బాఖ్, హాండెల్, వివాల్డి ఈ కాలం వాళ్ళు. ఇళయరాజా 1986లో తెచ్చిన "హౌ టు నేమ్ ఇట్" వినుంటే బాఖ్ మీకు అప్పుడే పరిచయమైపోయాడు.

ఇక్కడొక చిన్న సందేహం రావాలి. మూడొందల ఏళ్ళ కిందటి సంగీతం కదా, స్వరాలన్నీ కాగితం మీద రాసే ఉన్నాయి కదా, మరి దాన్ని చూసి వాయించినవాడికి బహుమతి ఎందుకు? టైపిస్టుకి సాహిత్య బహుమతి ఇచ్చినట్టు లేదూ?

లేదు. బరోక్ కాలంలో కాగితం మీద అన్నీ రాయలేదు, అదే దానిలో మజా. కింది స్థాయిలో నడిచే వాద్యానికి ఒక్క మంద్ర స్వరం రాసి, దాని దగ్గర 6 అనో 7 అనో ఓ అంకె వేసి వదిలేసేవారు. ఆ అంకె చూసి పైన ఏ స్వరాలు కలపాలో, ఎలా కలపాలో హార్ప్సికార్డ్ వాయించేవాడు అప్పటికప్పుడు తేల్చుకోవాలి. నెమ్మది భాగాల్లో రాగాన్ని ఎముకల గూడులా రాసి, కండ పెట్టే పని వాయించేవాడికి వదిలేసేవారు. ఎంత వేగం, ఎంత గట్టిగా అన్నది చాలా చోట్ల ఒక్క మాటతో సరి. మా భాషలో చెప్పాలంటే, డాక్యుమెంటేషన్ లేకుండా సగం కోడ్ రాసి, మిగతాది రన్ చేసేవాడి తెలివికి వదిలేశారన్నమాట. రాసినవాళ్ళకి అది తప్పనిపించలేదు, ఎందుకంటే రన్ చేసేది వాళ్ళ శిష్యులే. శిష్యులు పోయి, శిష్యుల శిష్యులు పోయాక వచ్చింది చిక్కు. కాబట్టి ఇవాళ ఒక బరోక్ రికార్డు అంటే వందల నిర్ణయాలు. బహుమతి ఆ నిర్ణయాలకి.

ఫోర్ సీజన్స్‌లో మాత్రం వివాల్డి కొంచెం దయ చూపించాడు. నాలుగు ఋతువులకీ నాలుగు పద్యాలు జత చేసి, ఏ పాదం ఏ స్వరాల దగ్గర వస్తుందో అక్షరాలు వేసి గుర్తు పెట్టాడు. వసంతంలో మేకల కాపరి నిద్రపోతుంటే పక్కన కుక్క మొరుగుతుంది. ఆ కుక్క వయోలా! చలికాలంలో బయట వాన పడుతుంటే లోపల మంట దగ్గర వెచ్చగా కూచుంటారు. ఆ వాన చినుకులు వేలితో మీటిన వయొలిన్ తీగలు. కోడ్‌లో ఇంత శుభ్రంగా కామెంట్లు రాసినవాణ్ణి నేను ఆఫీసులో ఇంతవరకూ చూళ్ళేదు.

ఈయన వెనిస్‌లో 1678లో పుట్టాడు. 1703లో క్రైస్తవ పూజారి అయ్యాడు. ఎర్ర జుట్టు మూలాన ఎర్ర ఫాదర్ అనేవారు. అనాథ ఆడపిల్లల్ని పెంచే పియెతా అనే ఆశ్రమంలో వయొలిన్ నేర్పేవాడు. ఆ పిల్లల కచేరీ వినడానికి యూరప్ నలుమూలల నుంచీ జనం వచ్చేవారు. ఫోర్ సీజన్స్ 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది, ఎనిమిదో సంపుటిలోని పన్నెండు కాన్సర్టోల్లో మొదటి నాలుగుగా. అప్పట్లో పెద్ద పేరు. తర్వాత ఫ్యాషన్ మారింది. చివరి రోజుల్లో పని వెతుక్కుంటూ వియన్నా వెళ్ళి, 1741 జూలైలో అక్కడే చనిపోయాడు. పేదవాళ్ళకి చేసినట్టు తక్కువ ఖర్చులో పూడ్చిపెట్టారు.

అంతే, ఆ తర్వాత దాదాపు రెండొందల ఏళ్ళు ఆయన సంగీతం పట్టించుకున్నవాళ్ళు బహు తక్కువ. పేరైనా ఎందుకు మిగిలిందంటే బాఖ్ వల్ల. బాఖ్ కుర్రతనంలో వివాల్డి కాన్సర్టోల్ని కొన్నిటిని కీబోర్డు వాద్యాలకి తిరగరాసుకున్నాడు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్లు బాఖ్ కాగితాలన్నీ తిరగేస్తూ "ఈ వివాల్డి ఎవడబ్బా?" అనుకున్నారు. అంటే ఆయన అప్పట్లో ఇంకొకరి పుస్తకంలో ఫుట్‌నోట్.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. 1926. ఇటలీలో, టూరిన్‌కి కొంత దూరంలో బోర్గో సాన్ మార్టినో అని ఓ ఊరు. అక్కడ సలేషియన్ ఫాదర్లు నడిపే బడి. భవనం మరమ్మతులకి డబ్బులు కావాలి. వాళ్ళ దగ్గర ఓ జమీందారు రాసిచ్చిన పాత సంగీతం పుస్తకాలు చాలా ఉన్నాయి. అమ్మితే ఎంతొస్తుందో చెప్పమని టూరిన్ నేషనల్ లైబ్రరీకి కబురు పెట్టారు. లైబ్రరీ డైరెక్టరు లుయీజీ తోర్రి ఆ పని యూనివర్సిటీలో సంగీత చరిత్ర చెప్పే అల్బెర్తో జెంటిలికి అప్పగించాడు. పెట్టెలు తెరిచి చూస్తే అందులో వివాల్డి సంపుటాలు పద్నాలుగు! చాలా మటుకు ఆయన సొంత దస్తూరీ. ఎవరూ వినని కాన్సర్టోలు, ఒపెరాలు, చర్చి సంగీతం.

ఇద్దరికీ గుండె ఆగినంత పనైంది. కానీ పైకి చెప్పడానికి లేదు. విలువ తెలిస్తే వ్యాపారులు ఎగబడి ముక్కలుగా అమ్మేస్తారు, దేశం దాటించేస్తారు. కొందామంటే లైబ్రరీ దగ్గర అంత డబ్బు లేదు. జెంటిలికి తెలిసిన ఓ షేర్ బ్రోకర్ ఉన్నాడు, రొబెర్తో ఫోఆ. పసితనంలోనే పోయిన కొడుకు మౌరో పేరు మీద ఆ పుస్తకాలన్నీ కొని లైబ్రరీకి ఇచ్చేశాడు.

ఇక్కడితో ఆగితే సగం కథే. జెంటిలి ఆ సంపుటాల్ని వరసగా పేర్చి చూస్తే వాటి మీది అంకెలు అతకడం లేదు. మధ్యమధ్యలో నంబర్లు ఎగిరిపోతున్నాయి. డేటాబేస్‌లో రికార్డుల నంబర్ల మధ్య ఖాళీలు కనిపిస్తే మనం ఏమనుకుంటాం? ఎవరో డిలీట్ చేశారు, లేదా ఇంకో సర్వర్‌లో ఉన్నాయి. జెంటిలి సరిగ్గా అదే అనుకున్నాడు. ఎక్కడో మిగతా సగం ఉంది.

పుస్తకాలు చేతులు మారిన దారి వెనక్కి తవ్వుకుంటూ పోయారు. వివాల్డి పోయాక ఆయన సొంత ప్రతులు వెనిస్‌లో పుస్తకాల పిచ్చి ఉన్న సొరాంజో అనే పెద్దమనిషికి చేరాయి. తర్వాత వెనిస్‌లో ఆస్ట్రియా రాయబారిగా ఉన్న దురాజ్జో ప్రభువుకి. ఆయన జెనోవా వాడు. ఆ కుటుంబంలో ఆస్తి పంపకాలు జరిగినప్పుడు పొలాల్నీ ఇళ్ళనీ పంచినట్టే ఈ పుస్తకాల్నీ చెరిసగం పంచేసుకున్నారు. ఒక సగం ఫాదర్ల బడికి చేరింది. రెండో సగం జెనోవాలో ఓ ముసలి దురాజ్జో దగ్గర పడుంది. ఆయన్ని ఒప్పించడానికి ఏళ్ళు పట్టింది. ఒప్పుకున్నాక కూడా, ఈ సంగీతం అచ్చు వెయ్యకూడదు, వాయించకూడదు అని షరతు పెట్టాడు. ఆ షరతు వదిలించుకోవడం మళ్ళీ ఇంకో తతంగం. మళ్ళీ డబ్బు సమస్య. ఈసారి ఫిలిప్పో జొర్దానో అనే పారిశ్రామికవేత్త 1930లో కొనిచ్చాడు. ఆయన కొడుకు రెంజో కూడా చిన్నప్పుడే పోయాడు. ఆ సంపుటాలకి ఆ పిల్లవాడి పేరు.

అలా ఇద్దరు పసివాళ్ళ పేర్ల మీద 27 సంపుటాలు, సుమారు 450 రచనలు, ఒక్క చోటికి చేరాయి. ఈ రోజుకీ పరిశోధకులు ఏ వివాల్డి ప్రతి గురించి రాసినా "ఫోఆ 28", "జొర్దానో 31" ఇలా రాస్తారు. అది వాటి షెల్ఫ్ నంబరు.

ఇంత పట్టుకున్న జెంటిలికి ఏం దక్కాలి? కనీసం ఆ సంగీతాన్ని లోకానికి వినిపించే అవకాశం. దక్కలేదు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చింది. జెంటిలి యూదుడు. యూనివర్సిటీ ఉద్యోగం ఊడింది. మరుసటేడు సెప్టెంబరులో సియెనా అనే ఊళ్ళో "వివాల్డి వారం" ఘనంగా జరిగింది. అల్ఫ్రెడో కసెల్లా అనే సంగీతకారుడు నడిపించాడు. టూరిన్ సంపుటాల్లో దొరికిన "గ్లోరియా" ఎన్నో ఏళ్ళ తర్వాత అక్కడ మళ్ళీ వినిపించింది. దానికి ముందు నుంచీ వివాల్డి కోసం ప్రచారం చేసిన జంట ఒకటుంది. అమెరికన్ కవి ఎజ్రా పౌండ్, వయొలినిస్టు ఓల్గా రడ్జ్. జర్మనీలో డ్రెస్డెన్ లైబ్రరీ నుంచి వివాల్డి ప్రతుల మైక్రోఫిల్ములు కూడా తెప్పించాడు పౌండ్. ఆ శ్రమ నిజమే, కాదనను. కానీ ఇదే పౌండ్ ముస్సోలినీ భక్తుడు, తర్వాత యుద్ధకాలంలో రేడియోలో యూదుల మీద విషం కక్కినవాడు. ప్రతుల్ని కనిపెట్టిన మనిషికి ఆ రోజుల్లో ప్రభుత్వ బడిలో పాఠం చెప్పే హక్కు కూడా లేదు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ వారం జరిగిన నెలలోనే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇహ సంగీతం ఎవడిక్కావాలి? అయినా యుద్ధం మధ్యలోనే, 1942లో, బెర్నార్దినో మోలినారి అనే కండక్టరు రోమ్‌లో ఫోర్ సీజన్స్ మొత్తం రికార్డు చేశాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

యుద్ధం అయ్యాక 1947లో ఆంటోనియో ఫాన్నా వెనిస్‌లో వివాల్డి ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. సంగీతకారుడు మాలిపియెరో సంపాదకత్వంలో రికోర్డి సంస్థ వాద్య రచనలన్నీ ఒక్కోటిగా అచ్చు వెయ్యడం మొదలెట్టింది. ఆ పని 1972 దాకా సాగింది. 500 పైచిలుకు రచనలు. మరుసటేడు, 1948లో, ఫ్రెంచి పండితుడు మార్క్ పాంషెర్ల్ వివాల్డి మీద పెద్ద పుస్తకం వేశాడు.

సరిగ్గా ఆ టైములోనే అట్లాంటిక్ అవతల ఇంకో కథ. లూయీ కాఫ్‌మన్ హాలీవుడ్‌లో వయొలినిస్టు. "గాన్ విత్ ద విండ్"తో సహా వందల సినిమాల్లో వినిపించే వయొలిన్ ఆయనదే. తెర మీద పేరు ఉండేది కాదు. (మన సినిమాల్లో వయొలిన్లు వాయించినవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు?) కాన్సర్ట్ హాల్ సొసైటీ అనే చిన్న కంపెనీ ఆయనతో ఫోర్ సీజన్స్ రికార్డు చేద్దామనుకుంది. టైము తక్కువ. ఎందుకంటే 1948 జనవరి 1 నుంచి అమెరికాలో వాద్యకారులెవరూ రికార్డింగులు చెయ్యకూడదని వాళ్ళ యూనియన్ నాయకుడు పెట్రిల్లో సమ్మె ప్రకటించాడు. డెడ్‌లైన్ అంటే అదీ! 1947 డిసెంబరు ఆఖరి రోజుల్లో, న్యూయార్క్ కార్నెగీ హాల్లో, రాత్రిళ్ళు కూచుని పూర్తి చేశారు. కండక్టరు హెన్రీ స్వొబోడా. డిసెంబరు 31లోపు రిలీజ్ చెయ్యాలని ఆఫీసుల్లో పడుకున్న మా జాతి వాళ్ళకి ఆ రాత్రులు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇక టెక్నాలజీ కూడా కలిసొచ్చింది. అప్పటిదాకా ఉన్న 78 రికార్డు ఒక వైపు నాలుగైదు నిమిషాలకి మించి పట్టదు. ఫోర్ సీజన్స్ మొత్తం సుమారు నలభై నిమిషాలు. అంటే పళ్ళేలు తిప్పుతూ, మారుస్తూ, చలికాలం వచ్చేసరికి వినేవాడికి ఓపిక చచ్చేది. 1948 జూన్‌లో కొలంబియా కంపెనీ ఎల్పీ రికార్డు తెచ్చింది. వైపుకి ఇరవై నిమిషాలు పైనే. వసంతం, ఎండాకాలం ఒక వైపు; శరత్తు, చలికాలం రెండో వైపు. కొలత తీసి కుట్టించినట్టు సరిపోయింది. వివాల్డి మళ్ళీ బతకడానికి కారణం ఆయన గొప్పతనం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఫార్మాట్ కూడా కారణమే.

1950లో కాఫ్‌మన్ రికార్డుకి గ్రాండ్ ప్రీ దు డిస్క్ వచ్చింది. కాఫ్‌మన్ అక్కడితో ఊరుకోలేదు, అదే నాకు బాగా నచ్చిన విషయం. ఎనిమిదో సంపుటిలో పన్నెండు కాన్సర్టోలు కదా, మిగతా ఎనిమిది ఏవి? యూరప్‌లో లైబ్రరీలు వెతికి, బ్రసెల్స్‌లో పట్టుకుని, అవి కూడా రికార్డు చేశాడు. ఆ రికార్డు 2002లో గ్రామీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. మరుసటేడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రంగా దాచాల్సిన రికార్డుల జాబితాలో పెట్టింది.

ఇప్పుడు మోలినారి దగ్గరికి వద్దాం. చాలా చోట్ల కాఫ్‌మన్‌దే మొట్టమొదటి ఫోర్ సీజన్స్ రికార్డు అని రాస్తారు. కాదు, మోలినారిది అయిదేళ్ళు ముందు. కాకపోతే అది యుద్ధకాలపు ఇటలీలో వచ్చిన రికార్డు. యుద్ధం మధ్యలో దాన్ని మోసుకెళ్ళి ప్రపంచానికి వినిపించేదెవరు? బహుమతిచ్చే కమిటీ ముందుకి రావాలంటే ముందు కమిటీ చెవిన పడాలి కదా. క్రో కవరు కథే మళ్ళీ.

బహుమతులంటే పడనివాళ్ళు ఇక్కడ ఠక్కున ఓ మాటంటారు. "చూశావా, అవార్డులన్నీ ఇంతే, పని చేసేది ఒకడు, దండలు ఇంకొకడికి." నిజమే, ఇది మనం ఆఫీసుల్లో రోజూ చూసేదే. ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఆర్నెల్లు తిప్పలు పెట్టిన ఓ బగ్‌ని పట్టుకున్నది ఓ కాంట్రాక్టు కుర్రాడు. లాగ్ ఫైల్లో నంబర్లు ఎగిరిపోవడం చూసి పట్టుకున్నాడు. ఆ క్వార్టర్ అవార్డు మెయిల్లో ఉన్న పేర్లలో వాడి పేరు లేదు, ఎందుకంటే వాడు కంపెనీ రోల్స్‌లో లేడు. జెంటిలి కథతో పోలిస్తే ఇది చాలా చిన్న అన్యాయం. కానీ లెక్క అదే. పేరు రాసే చోట ఒక్క గడే ఉంటుంది, పని చేసినవాళ్ళు పదిమంది ఉంటారు.

అయినా నేను బహుమతుల పక్షమే. ఎందుకో చెప్తా.

ఒకటి, బహుమతి లేకపోతే ఆ గడిలో ఒక్క పేరు కూడా ఉండదు. లైబ్రరీలో 27 సంపుటాలు పడున్నాయని తెలిసినవాళ్ళు 1950లో ప్రపంచం మొత్తమ్మీద ఏ కొద్దిమందో. పేరున్న బహుమతి ఒకటి ఒక రికార్డుకి రాగానే కొట్లవాడు దాన్ని ముందు వరసలో పెడతాడు, ఇంకో కంపెనీ "మనమూ ఒకటి చేద్దాం" అనుకుంటుంది. 1951లో జర్మనీ నుంచి మ్యూన్‌హింగర్, 1955లో ఇటలీ నుంచి ఇ ముజిచి బృందం, ఇలా వరస కట్టారు. 1989లో నైజెల్ కెన్నెడీ రికార్డు ఇరవై లక్షలకి పైగా అమ్ముడుపోయింది. తక్కువ ఖర్చుతో పూడ్చిపెట్టిన మనిషిది!

రెండు, ఏటా ఇచ్చే బహుమతులకి ఇంకో ఉపయోగం ఉంది. అవి ఒకదాని పక్కన ఒకటి పెడితే చరిత్ర అవుతాయి. కాఫ్‌మన్ వాయించిన తీరు ఇవాళ వింటే తీయగా, కాస్త సినిమా వయొలిన్‌లా ఉంటుంది. ప్రతి స్వరాన్నీ వణికిస్తాడు. తర్వాత హార్నన్‌కూర్ లాంటివాళ్ళు వచ్చి, ఆ కాలం వాద్యాల మీద, పేగు తీగలతో, ఆ కాలం పుస్తకాలు చదివి వాయించాలన్నారు. వాళ్ళ ఫోర్ సీజన్స్‌లో కుక్క నిజంగానే మొరుగుతుంది, చెవికి గరుగ్గా. 1950లో మెచ్చుకున్నది ఒకటి, 1980ల్లో మెచ్చుకున్నది ఇంకొకటి. కాగితం మీద స్వరాలు మాత్రం అవే. ఎవరు రైటు అన్నది కాదు ప్రశ్న. ఏ కాలం వాళ్ళకి వివాల్డిలో ఏం వినిపించిందో ఈ జాబితాలు చూస్తే తెలుస్తుంది. హాండెల్ ఒక్కడి రికార్డుల కోసమే 2002లో ఒక బహుమతి మొదలెట్టి, తర్వాత దానికి సంగీత పండితుడు స్టాన్లీ సేడీ పేరు పెట్టారు. పండితులూ విమర్శకులూ కూచుని ఏటా ఒక్క రికార్డు ఎంచుతారు. ఒక్క స్వరకర్త మీద ఏడాదికో తీర్పు. ఇంకో యాభై ఏళ్ళకి ఆ వరస చూసేవాడికి ఎంత సమాచారం!

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. బహుమతులు మళ్ళీ లైబ్రరీలకి దారి చూపిస్తాయి. 1999లో చెచీలియా బార్తొలి అనే గాయని "వివాల్డి ఆల్బమ్" చేసింది. ఫోర్ సీజన్స్ తప్ప ఇంకేమీ తెలియని జనానికి ఆయన ఒపెరా పాటలు వినిపించింది. ఎక్కడివి అవి? టూరిన్ సంపుటాల్లో మూలిగేవి. 2001లో దానికి గ్రామీ వచ్చింది. నైవ్ అనే ఫ్రెంచి కంపెనీ 2000 నుంచి ఆ సంపుటాల్లోవన్నీ వరసపెట్టి రికార్డు చేసే పని పెట్టుకుంది. జెంటిలి అంకెలు లెక్కపెట్టిన డెబ్భై ఏళ్ళకి!

వెతుకులాట ఇంకా అయిపోలేదు కూడా. డ్రెస్డెన్‌లో గలుప్పి అనే ఇంకో వెనిస్ స్వరకర్త పేరు మీద ఉన్న "దిక్సిత్ దోమినుస్" నిజానికి వివాల్డిదని 2005లో జానిస్ స్టాకిగ్ట్ అనే పరిశోధకురాలు తేల్చింది. 1750ల్లో ప్రతులు రాసి అమ్మే బల్దాన్ అనేవాడు, వివాల్డి పేరుకి గిరాకీ లేక, అప్పట్లో నడుస్తున్న గలుప్పి పేరు తగిలించి అమ్మేశాడు. రెండున్నర శతాబ్దాలు తప్పుడు మెటాడేటాతో పడుంది పాపం.

ఇంతకీ నా వాదన ఏమిటంటే, బహుమతులివ్వండి, కానీ పత్రం మీద ఇంకో నాలుగు లైన్లు జాగా వదలండి. 1950 పత్రం నేను రాస్తే ఇలా రాస్తా. వాయించినది కాఫ్‌మన్. ముందే వాయించినవాడు మోలినారి. సంగీతం కనిపెట్టినది తోర్రి, జెంటిలి. డబ్బిచ్చింది ఫోఆ, జొర్దానో. అచ్చులోకి తెచ్చింది మాలిపియెరో, ఫాన్నా. ఇక్కడ ఓ చిక్కుంది, నేనే చెప్పేస్తా. ఫోర్ సీజన్స్ టూరిన్ పెట్టెల్లోంచి కొత్తగా దొరికింది కాదు, 1725 నుంచీ అచ్చులోనే ఉంది. మరి జెంటిలి పేరెందుకంటారా? పుస్తకం అచ్చులో ఉన్నా రెండొందల ఏళ్ళు ఎవరూ తీసి చూడలేదు కాబట్టి. వివాల్డి అంటే తీసి చూడదగ్గవాడని జనానికి అనిపించింది ఆ 27 సంపుటాల తర్వాతే.

వినాలనిపిస్తే ఇలా చెయ్యండి. కాఫ్‌మన్ రికార్డు ఇప్పుడు ఇంటర్నెట్లో సులువుగానే దొరుకుతుంది. చలికాలంలో రెండో భాగం పెట్టుకోండి, ఆ వాన చినుకుల భాగం. ఎక్కువ సేపు పట్టదు. తర్వాత పాత వాద్యాల మీద వాయించిన కొత్త రికార్డు ఏదైనా తీసుకుని అదే భాగం వినండి. ఒకే వాన రెండు ఊళ్ళల్లో పడినట్టుంటుంది. ఏది నచ్చిందో మీరే తేల్చుకోండి. ఆ తర్వాత ఓపికుంటే "గ్లోరియా" వినండి. అది మాత్రం ఫోఆ, జొర్దానోల పుణ్యమే, జెంటిలి పట్టుదలే. రికార్డు కవరు మీద ఆ పేర్లు ఉన్నా లేకపోయినా.